వొట్టి కూత

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. ఎందుకు ఆపాడో భిక్షానికి వెంటనే అర్థం కాలేదు. బస్సెక్కినప్పటి నుంచి అతని చెవుల్లో ఉన్నది ఆ ఇంజన్ చప్పుడొక్కటే. అది మోగుతున్నంతసేపు రోడ్డు వెనక్కి పోతోంది, నల్లగొండ వెనక్కి పోయింది, మిర్యాలగూడ వెనక్కి పోయింది, హుజూర్‌నగర్ దగ్గరపడుతోంది, దానికి ఇవతల తన ఊరు, ఊరి పక్కన కొత్త కాలువ, కాలువ అవతల బాపు, బాపు ముందు మంద. చప్పుడు ఆగగానే అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి, ఒక్క పొద్దు తప్ప. పొద్దు తుమ్మల వెనక దిగుతూనే ఉంది. ఇంజన్ పోయిన ఖాళీలోకి ఇంకో చప్పుడు వచ్చి కూర్చుంది. రోడ్డు పక్క ఊళ్ళో పంచాయతీ కప్పు మీది రేకు హారనులోంచి సన్నాయి. ఆదివారం సాయంత్రం రేడియోలో పల్లె కార్యక్రమం మొదలయ్యే సన్నాయి. అది వినగానే భిక్షం సీట్లోంచి సగం లేచాడు.

"ఏమాయె అన్నా, బండి ఖరాబయిందా?"

డ్రైవర్ వెనక్కి తిరగలేదు. కాళ్ళు చాపుకుని బీడీ ముట్టించాడు. "ఖరాబు గాలె. గొంగడి గుర్వయ్య వస్తడు గిప్పుడు. గాయన మాటలు అయిపోయేదాంక నా బండి కదలది. ఐతారం నా బండెక్కేటోళ్ళకందరికి ఎరికే."

"ఎరికే, ఎరికే" అన్నారు వెనక నుంచి. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. కోళ్ళగంప ఒళ్ళో పెట్టుకున్న ముసలామె గంప కింద దించి, చెవుల మీది కొంగు తీసేసుకుని సర్దుకు కూర్చుంది.

గొంగడి గుర్వయ్య అంటే తనే. ఆ మాట ఇక్కడ ఎవరికీ తెలియదు, తెలిసే దారి లేదు, రేడియోకి మొహం ఉండదు కదా. ప్యాంటు వేసుకుని, తల దువ్వుకుని, మూడో సీట్లో చెమటలు కక్కుతున్న వీడే ప్రతి ఆదివారం గొంగడి కప్పుకుని పట్నంలో తప్పిపోయే గొర్రెలకాపరి అని ఎవరనుకుంటారు. సన్నాయి అయ్యాక వాతావరణం చెబుతారు. తరువాత ధాన్యం ధరలు. తరువాత ఒక పాట. పాట తరువాత గుర్వయ్య. ఆ వరస భిక్షానికి తన వేళ్ళంత తెలుసు. గుర్వయ్య మాటల చివర ఒక కూత ఉంది. ఆ కూత హారనులోంచి బయటికి రాకముందే తను ఊరు చేరాలి, పంచాయతీ ఆఫీసులోకి దూరి రేడియో గొంతు నొక్కాలి. లేకపోతే బాపు మంద మొత్తం కాలువలో పడుతుంది. ఈ చివరి ముక్క పొద్దున దాకా అతనికి తెలియదు. పొద్దున బస్టాండులో లింగయ్య కనపడకపోయి ఉంటే ఇప్పుడు కూడా తెలిసేది కాదు, హాయిగా గదిలో కూర్చుని టీ తాగుతూ తన గొంతు తనే వింటూ ఉండేవాడు.

లింగయ్య మేనబావ. గొంగళ్ళు అమ్ముకోవడానికి పట్నం వచ్చాడు. ఏం బావా, అంతా మంచేనా అంటే, మంచేరా, మీ బాపుకే రేచీకటి కమ్మింది, పొద్దువాలితే కర్రే కన్ను అన్నాడు. ఊరికీ జీవాలు మేసే కంచెకూ నడుమ సాగర్ కాలువ తవ్విండ్రు, ఇంకా నీళ్ళు రాలే గని రెండు నిలువుల లోతు బండ, పక్కకు చెక్కల వంతెనేసిండ్రు అన్నాడు. పొద్దుగూకే యాళ్ళకు మీ బాపు కర్ర తడుముకుంట ముందుగాల వంతెన దాటుతడు, ఇవతల నిలబడి కూత పెడ్తడు, జీవాలన్ని ఒక్కదానెంట ఒకటి చెక్కల మీద నడిచొస్తయి, సూడ ముచ్చటైతదిరా అన్నాడు. అని, ఆఖరికి, పోతూ పోతూ నవ్వుతూ అన్నాడు. "సర్పంచు కొత్త హారను దెచ్చిండు, పొడుగు గుంజకు కట్టిండు. ఇగ నీ గుర్వయ్య కంచె దాంక ఇనవడ్తడు పో." అప్పుడు నవ్వాడు భిక్షం కూడా. రోడ్డు దాటి, టీ చెప్పి, కప్పు నోటి దాకా తెచ్చుకుని, అక్కడ ఆగిపోయాడు. కంచె దాకా. పొద్దుగూకే యాళ్ళకు. ఈ ఆదివారం స్కెచ్ చివర తను పెట్టింది ఉత్తుత్తి కూత కాదు. బాపు కూత.

ఒక్కో మందకు ఒక్కో కూత. పక్కపక్కనే పడుకున్నా ఒక మంద జీవాలు ఇంకో మంద కూతకు తల కూడా ఎత్తవు. వాళ్ళ ఇంటి కూత తాతది, తాత దగ్గర్నుంచి బాపుకు వచ్చింది. గొంతు అడుగున లేచి, ముక్కులో ఒక చుట్టు తిరిగి, చివర్న ఎండుకట్టెలా విరుగుతుంది. అది వింటే జీవాలు నోట్లో గడ్డి నోట్లోనే ఉంచుకుని వస్తాయి, దారి చూడవు, ముల్లు చూడవు, కూత వచ్చిన దిక్కుకు తిన్నగా వస్తాయి. పంచాయతీ గుంజ ఉన్నది కాలువకు ఇవతల. కంచె ఉన్నది అవతల. తిన్నగా అంటే వంతెన మీదుగా కాదు. ఒకటి దూకితే అన్నీ దూకుతాయి, గొర్రెలు గదా. చిన్నప్పుడు భిక్షం ఒకసారి ఊరికే, ఏమీ తోచక, మంద అంతా మేస్తుంటే కూత పెట్టాడు. అన్నీ ఉరికి వచ్చాయి. ముందు నడిచే పొట్టేలు వచ్చి అతని ఖాళీ చేతులు వాసన చూసి మొహంలోకి చూసింది. బాపు ఎన్నడూ కొట్టని మనిషి, ఆ రోజు చెంప మీద కొట్టాడు. "వొట్టి కూత పెట్టొద్దు బిడ్డా. మనిషికి అబద్ధం చెప్తే మళ్ళొకపారి నమ్ముతడు. జీవం నమ్మది." కొట్టిన చెయ్యే మళ్ళీ చెంప మీద పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"...రాగల ఇరవైనాలుగు గంటలలో తెలంగాణలో వాతావరణం పొడిగా ఉంటుంది" అంటోంది హారను. పొడిగానే ఉంది, నోరు కూడా. బస్సులోంచి దూకి పరుగెత్తితే? ఎంత పరుగెత్తితే? ఆ ఊళ్ళో సైకిలు దొరికితే? సైకిలు గుర్వయ్య కన్నా వేగంగా తొక్కగలడా? గుర్వయ్య కాళ్ళు గాల్లో ఉంటాయి. అతను పుట్టినప్పటి నుంచి అంతే, భిక్షం కన్నా ముందు పోతాడు. ఎక్కడ పుట్టాడు గుర్వయ్య? మందలో పుట్టాడు. రైతులు ఎరువు కోసం చేలల్లో మంద పెట్టించుకునేవాళ్ళు, రాత్రి కాపరులంతా మంట చుట్టూ కూర్చుంటే ఆరేళ్ళ భిక్షం లేచి పటేలులా నడిచేవాడు, అమీనులా మీసం తిప్పేవాడు, దగ్గొచ్చిన ముసలి మేకలా దగ్గేవాడు. బాపు గొంగట్లో మొహం దాచుకుని నవ్వేవాడు, గొంగడి ఊగేది. తరువాత నాటకం కంపెనీ, పరదా మార్చే లోపు ముందుకొచ్చి నవ్వించే పని. రాజు వేషగాడు ఒళ్ళు తుడుచుకునే వ్యవధి, అంతే తన బతుకు. తరువాత పట్నం, ఇరానీ హోటల్లో కప్పులు కడగడం, కడుగుతూ గల్లాలో కూర్చున్న సేటును అనుకరించడం, అది విన్న ఒక రేడియో ఆయన రేపొచ్చి కనపడమనడం. రేడియో గదిలో గోడలకు కూడా పరుపులు కుట్టారు. మైకు ముందు నిలబడి, "దండాలు సారూ, నేను హుజూర్‌నగర్ దిక్కుకెల్లి వచ్చిన" అన్నాడు. అద్దం అవతల అందరూ పడీ పడీ నవ్వారు. అతను ఇంకా హాస్యం మొదలుపెట్టలేదు. పేరూ ఊరూ చెప్పాడంతే. ప్రొడ్యూసరు కళ్ళు తుడుచుకుంటూ, "అబ్బాయ్, నువ్వేం రాసుకోనక్కర్లేదు, ఇలా మాట్లాడు చాలు" అన్నాడు. ఆ చాలు అన్న మాట మీద ఆరేళ్ళు గడిచాయి. అమ్మ గోపమ్మ బతికినన్నాళ్ళూ ప్రతి ఆదివారం పంచాయతీ ముందు కూర్చుని నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వేదట. బాపు ఒక్కసారి కూడా రాలేదు. రేడియో డబ్బల మనిషి మాట నేనినను అన్నాడట. మంద తోలుకుని కంచెకు పోయేవాడు, పాత హారను అంత దూరం వినపడేది కాదు.

వేరుసెనగ ధర చెబుతున్నారు. ధరలు. పాట. తరువాత. భిక్షం లేచి డ్రైవర్ సీటు దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నీ కాల్మొక్త, జర బండి తియ్యి. మా బాపు జీవాలు కాలువల పడ్తయి."

"ఎప్పుడు పడ్తయి?"

"గిప్పుడే. గుర్వయ్య కూత పెట్టంగనే."

డ్రైవర్ బీడీ నోట్లోంచి తీసి అతని మొహాన్ని మొదటిసారి చూశాడు. "ఏం తాగినవ్ తమ్మీ?"

పొద్దున రేడియో స్టేషనులో డ్యూటీలో ఉన్నాయన కూడా ఇలాగే చూశాడు. టేపు ఎక్కేసింది, మార్చాలంటే ప్రొడ్యూసరు చెప్పాలి, ఆయన గుంటూరు వెళ్ళారు, అయినా గొర్రెలు రేడియో వింటాయా, భలేవాడివయ్యా, దీన్నే వచ్చే వారం స్కెచ్ చేసెయ్ అన్నాడు. అని, తన జోకుకు తనే టేబుల్ మీద కొట్టి నవ్వాడు.

"అన్నా, గుర్వయ్యను నేనే. నేనే రేడియోల మాట్లాడేది."

బస్సంతా అతని వైపు తిరిగింది. తరువాత నవ్వుతో పేలింది. కోళ్ళ ముసలామెకు పొర పోయింది. "నువ్వా? ఓరి నీ బొంద వెట్ట. గుర్వయ్య ముసలోడురా, నా అంత ఉంటడు. మా రామమ్మకు మొగని దిక్కు సుట్టం. పోయిన శివరాత్రికి మా ఇంట్ల సల్ల తాగి పోయిండు. నువ్వు ప్యాంటేసినవ్!" కండక్టరు బల్ల మీద దరువు వేశాడు. "అయితే అను! గుర్వయ్య లెక్క ఒక్క మాట అను. నిజమైతే బండి తీస్తడు అన్న, తీస్తవా అన్నా?" "తీస్త" అన్నాడు డ్రైవర్. అందరూ భిక్షం నోటి వైపు చూశారు. ఒక్క మాట చాలు. ఆరేళ్ళుగా నిద్రలో కూడా ఆడిన నోరు. గుర్వయ్య మైకు ముందుకు వచ్చేది "అవ్వో, గిదేం పట్నమే" అంటూ, ఆ నాలుగు ముక్కలకే జిల్లాలు నవ్వుతాయి. భిక్షం నోరు తెరిచాడు. లోపల ఏమీ లేదు. మూసి, మళ్ళీ తెరిచాడు, "అవ్వో" అన్నాడు, అది ఏడుపులా వచ్చింది. ఎవరిదో సన్నటి, పట్నపు, భయపడిన గొంతు. "గిది గుర్వయ్య గాదు, గుర్వయ్య గొర్రె" అన్నారెవరో. మళ్ళీ నవ్వు. ఇంత నవ్వు ఏ నాటకంలోనూ రాలేదు తనకి.

పాట మొదలైంది. నాట్లేసే పాట. ఎవరో సన్నగా పాడుతున్నారు. మంజులత కాదు, మంజులత పాడదు, ఆమె స్కెచ్‌లో పట్నం కోడలు. మొన్న శుక్రవారం రికార్డింగు. గుర్వయ్య పట్నం సడకు దాటలేక నిలబడతాడు, కార్లు, రిక్షాలు, టాంగాలు, దాటనివ్వవు. ఇవి కూడా జీవాలే గదా అనుకుని కూత పెడతాడు. అంతే, పట్నంలో బండ్లన్నీ అతని వెంట వస్తాయి. రాసింది తనే, నవ్వు పండుతుందని తెలుసు. ఉత్తుత్తి కూత పెట్టాడు. ప్రొడ్యూసరు అద్దం మీద కొట్టి, ఊహూఁ, నిజంగా లేదయ్యా అన్నాడు. ఇంకొకటి. ఊహూఁ. మంజులత విసుగ్గా గడియారం చూసుకుంది, ఆమెకు ఇంట్లో చంటిపిల్ల. ఈసారి భిక్షం కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే కంచె కనపడింది, సాయంత్రం, దుమ్ము, దుమ్ములో బాపు వీపు. గొంతు దానంతటదే అడుక్కి పోయి లేచింది. విరిగింది. గదిలో ఎవరూ నవ్వలేదు ముందు. మంజులత చేతులు చూపించింది, రోమాలు లేచి ఉన్నాయి. "ఏమిటండీ అది, నాకే మీ వెనక రావాలనిపించింది" అంది. అప్పుడు అతనికి గర్వం కలిగింది. ఎన్నో ఏళ్ళ తరువాత, నవ్వు కాని దానికి గర్వం. వొట్టి గది, వొట్టి మైకు, ముందు ఒక్క జీవం లేదు, అయినా బాపు చెప్పిన మాటే గుర్తు రాలేదు. ఇంకోటి కూడా గుర్తు రాలేదు. ఆ కూత అతనికి ఇంకా ఇవ్వనే లేదు. కొడుకు మంద ముందర నిలబడి కూత పెట్టిన రోజు తండ్రి చేతికర్ర కింద పెడతాడు, గొంగడి దాని మీద పెడతాడు, వట్టి చేతులతో కూత వచ్చిన దిక్కు నడిచిపోయి కొడుకు భుజం మీద చెయ్యి వేస్తాడు. ఇక ఆ తండ్రి జన్మలో కూత పెట్టడు. తాత అట్లాగే చేశాడు. ఊరు విడిచే ముందు భిక్షం వైపు బాపు చాలాసేపు చూశాడు, అడగలేదు. నాటకాల బండి వెనక కూర్చుని పోతుంటే దుమ్ములోంచి బాపు మంద వైపు తిరిగి తనే కూత పెట్టుకోవడం వినపడింది.

"అవ్వో, గిదేం పట్నమే!"

హారను అరిచింది. బస్సు ఊగిపోయింది. భిక్షం కిటికీ కమ్మీ పట్టుకున్నాడు. తన గొంతు ఆ రేకులోంచి ఎంత బలంగా, ఎంత ధైర్యంగా వస్తోంది. అడ్డం లేదు దానికి. ఇక్కడ పలికిన మాట అదే క్షణంలో తన ఊళ్ళో పొడుగు గుంజ మీద కూడా పలుకుతోంది. అక్కడ ఇప్పుడు బాపు మందను మలుపుతూ ఉంటాడు. మంజులత తిడుతోంది, గుర్వయ్య ఎదురు తిడుతున్నాడు, కోళ్ళ ముసలామె ముక్కు చీదుకుంటూ నవ్వుతోంది, ఆమె నవ్వు అచ్చం అమ్మ నవ్వు. ఆగరా, ఆగరా గుర్వయ్యా, నీ నోట్ల మన్ను వడ. ఇంకా రిక్షావాడి మాట ఉంది. అయిపోయింది. పోలీసు ఈల. అయిపోయింది. ఇవి కూడా జీవాలే గదా. వద్దు. భిక్షం రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు, తను వినకపోతే అక్కడ కూడా వినపడదన్నట్టు.

వినపడింది. చేతుల్లోంచి, ఎముకల్లోంచి. లేచి, తిరిగి, విరిగింది. రోడ్డు పక్క బీట్లో ఎవరిదో మంద మేస్తోంది, వాటిలో ఒక్కటి కూడా తల ఎత్తలేదు. వాటి కూత కాదు అది. బస్సు నవ్వుతూనే ఉంది. డ్రైవర్ కళ్ళు తుడుచుకుని, "కొడుకు, ఏం గొంతురా వీనిది" అని బండి తీశాడు.

తరువాత రోడ్డు ఉంది, చీకటి పడబోతూ. అతను ఏమీ అనుకోలేదు. అనుకోవడం అయిపోయింది. పొట్టేలు మొహం ఒకటి మాత్రం వస్తూ పోతూ ఉంది.

ఊరి మొగదల దిగేసరికి కాలువ గట్టు మీద జనం. అవతల గట్టు మీద, మసక వెలుతురులో, మంద. మొత్తం మంద. నిలబడి ఉంది. ఒకదాని నడుం మీద ఒకటి తల పెట్టుకుని, చెక్కు చెదరకుండా. భిక్షానికి నవ్వొచ్చింది, గట్టిగా, పిచ్చిగా నవ్వాడు, దూకలేదు, దూకలేదు, గొర్రెలు రేడియో వింటాయా అని ఆ డ్యూటీ ఆయన సరిగ్గానే అడిగాడు. పక్కింటి కిష్టయ్య మోకు భుజానేసుకుని పరుగెత్తుతూ వచ్చి అతన్ని చూసి ఆగిపోయాడు.

"నువ్వెట్లొచ్చినవ్‌రా గింత జల్ది? ఎవలు చెప్పిండ్రు?"

"జీవాలు మంచిగున్నయి గదనే."

"జీవాలకేమైంది. కూత ఇనంగనే అన్నీ ఉరికినయ్, గట్టు మీదికి రాంగనే ముందటి పొట్టేలు నిలవడ్డది. గాలి వాసన జూసింది, మల్లింది. దానెంట అన్నీ మల్లినయ్." కిష్టయ్య మోకు ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "మీ బాపే నిలవడలె."

అవతల గట్టు మీద, మందకు కాస్త దూరంగా, ఒక కర్ర అడ్డంగా పెట్టి ఉంది. దాని మీద మడత పెట్టిన గొంగడి.

కింద బండ మీద నులక మంచం దించుతున్నారు. బాపు వెల్లకిలా పడి ఉన్నాడు, ఒక కాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఆ మసకలో అవి దేన్నీ చూడటం లేదు. భిక్షం గట్టు అంచున బోర్లా పడుకుని పిలిచాడు.

"వచ్చినవా కొడకా." బాపు గొంతులో నొప్పి కన్నా పెద్దదేదో ఉంది. "ఇన్న. గొంతు జర బొంగురు వోయింది గని, కూత మనదే. తప్పు వోలె. నువ్వే గద పిలిచింది?"

మోకు పట్టుకున్నవాళ్ళంతా తల దించుకున్నారు. వాళ్ళందరూ పంచాయతీ ముందు కూర్చుని నవ్వి వచ్చినవాళ్ళే.

"నేనే బాపు."

"మంచిగ జేసినవ్. పొద్దుగూకింది, ముందుగాల జీవాలను మలుపు. నేనిగ కూత పెట్టద్దు గద."

భిక్షం లేచి వంతెన ఇవతల కొసకు వెళ్ళి నిలబడ్డాడు. చెక్కల అవతల కళ్ళు మెరుస్తున్నాయి. గొంతు తడి చేసుకున్నాడు. కళ్ళు మూసుకోలేదు. కూత పెట్టాడు. బాగా వచ్చింది, మొన్నటి కన్నా బాగా వచ్చింది, లేచింది, తిరిగింది, విరిగింది. తలలన్నీ లేచాయి. ముందు నడిచే పొట్టేలు వంతెన దాకా వచ్చి, చెక్క మీద ఒక కాలు పెట్టి, అతన్ని చూసింది. కాలు వెనక్కి తీసుకుంది.

"వస్తున్నయారా?" కింది నుంచి బాపు.

"వస్తున్నయ్ బాపు."

"చప్పుడు లేదేందిరా మరి. ఇంకొకపారి పెట్టు."

భిక్షం మళ్ళీ కూత పెట్టాడు. పొట్టేలు ముంగాళ్ళు మడిచి, కాలువ అవతల, అక్కడే పడుకుంది.